అమ్మలు వచ్చేదాకా

బడిలో ఆయాగా పనిచేసి మానుకున్న తర్వాత కూడా ఆవిణ్ణి అందరూ ఆయమ్మ అనే పిలిచేవారు. కూరగాయల బండివాడు, వీధిలో పిల్లలు, ఆ పిల్లల తల్లులు, అందరికీ ఆయమ్మే. కన్నకూతురు మాత్రం అమ్మా అనేది, అదీ మనసు బాగున్నప్పుడు. కోపం వస్తే కూతురికీ ఆయమ్మే. ఆ పిలుపు వినపడిందంటే ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగా మోగబోతున్నాయని మనవరాలికి కూడా తెలుసు.

ఆ మనవరాలికి మిడత అని పేరు పెట్టింది ఆయమ్మే. ఒకటో తరగతి పిల్ల, ఒక్క చోట కాలు నిలవదు. తండ్రి దూరప్రయాణాల లారీ నడుపుతాడు, ఇంటికి చుట్టం చూపుగా వచ్చిపోతుంటాడు. తల్లి చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. ముగ్గురు ఆడవాళ్ళు, రెండు గదులు, ఒక కిటికీ. ఇదీ ఆ సంసారం.

ఆయమ్మకు చేతులు ముడుచుకుని కూర్చోవడం చేతకాదు. పని మానేసిన కొత్తలో వంటింటి డబ్బాలన్నీ దించి, కడిగి, తుడిచి సర్దింది. వారం తిరక్కుండానే మళ్ళీ దించింది. ఉప్పు డబ్బా కోసం వెతికి వెతికి విసిగిపోయిన కూతురు, ఇంకోసారి ఆ అలమర జోలికి వెళ్తే ఊరుకోనని తేల్చి చెప్పింది. దాంతో ఆవిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వీధిని చూడడం మొదలుపెట్టింది. అన్నేళ్ళు బడి గేటు దగ్గర నిలబడి, ఒంటరిగా కనబడ్డ ప్రతి పసివాణ్ణీ "నీకోసం ఎవరొస్తారు?" అని ఆరాతీసిన మనిషిని తీసుకెళ్ళి కిటికీ దగ్గర కూర్చోబెడితే ఏమవుతుందో ఎవరూ ముందు ఆలోచించలేదు.

ఆ కిటికీ కింది వీధికి ఒక చివర బడి, రెండో చివర ఫ్యాక్టరీ. బడి మధ్యాహ్నం మూడున్నరకు వదులుతారు. ఫ్యాక్టరీలో తల్లులు లేచేది ఐదింటికి. ఈ మధ్యలో పిల్లలు వీధిలో ఉంటారు. అదే వీధిలో బట్టల బేళ్ళు తెచ్చే లారీలు, చొక్కాల పెట్టెలు పట్టుకుపోయే లారీలు వెనక్కి వెనక్కి నడుస్తూ గేటులోకి దూరుతుంటాయి. డ్రైవరు అద్దంలో చూస్తాడు సరే, అద్దంలో పెద్దవాళ్ళు కనిపిస్తారు. ఒకటో తరగతి పిల్లలు కనిపించరు.

ఇక్కడ ఆ ఫ్యాక్టరీ గురించి కొంచెం చెప్పాలి. పొడుగాటి హాలు, వరసగా మిషన్లు, నెత్తిమీద ట్యూబులైట్లు. హాలుకు ఈ చివర ముక్కలుగా మొదలైన చొక్కా, చేతులు మారి మారి, ఆ చివర నిండు చొక్కాగా తేలుతుంది. ఒకామె కాలరు, ఇంకొకామె చేతులు, ఇంకొకామె జేబు. మధ్యలో ఒక్క కుర్చీ ఖాళీ అయితే చాలు, అక్కడ గుట్ట పడుతుంది, దాని వెనక అందరూ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారు. అందుకే అక్కడి సూపర్వైజరుకు నిప్పంటే ఎంత భయమో ఖాళీ కుర్చీ అన్నా అంతే భయం. సైరన్ మోగాక కూడా ఇంకో రెండు గంటలు ఉండమని రోజూ ఎవరో ఒకరి గడ్డం పట్టుకుంటాడు. గడ్డం పట్టుకుంటాడన్నది మర్యాదకు చెప్పిన మాట.

అయితే చిన్నపిల్లల తల్లుల జోలికి మాత్రం అతను వెళ్ళేవాడు కాదు. చాలా ఏళ్ళ కిందట గుండీలు కుట్టే ఆవిడ పెద్దకొడుకు, అప్పటికి పసివాడు, సాయంత్రం కనబడకుండా పోయాడు. కబురు తెలియగానే లైను లైనంతా మిషన్లు వదిలేసి వీధిన పడింది. తీరా చూస్తే వాడు తోపుడుబండి కింద ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. వాడైతే దొరికాడు కాని, ఆ పూట ఫ్యాక్టరీలో ఒక్క చొక్కా తయారవలేదు. అప్పటినుంచీ అదొక ఆనవాయితీ అయింది. ఐదింటికి సైరన్ మోగగానే తల్లులు లేచి, "పిల్లలు వీధిలో ఉంటారండి" అంటారు, సూపర్వైజరు పక్కకు జరుగుతాడు. ఎవరూ దాన్ని ఏ కాగితం మీదా పెట్టలేదు. పెట్టక్కర్లేదనే అందరూ అనుకున్నారు.

ఆయమ్మ ఒకరోజు కిటికీలోంచి చూస్తుండగా నలుగురైదుగురు పిల్లలు ఆగి ఉన్న లారీ వెనక చక్రాల పక్కన సుద్దముక్కతో గీతలు గీసుకుని గెంతుతున్నారు. డ్రైవరు టీ తాగి వచ్చి తలుపు తెరిచాడు. ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగిన వేగం చూసి కింది ఇంటివాళ్ళు కొంపలేవో అంటుకున్నాయనుకున్నారు. దొరికిన చెవి దొరికినట్టు పట్టుకుని పిల్లలందరినీ ఇంటికి లాక్కొచ్చింది. కాళ్ళు కడిగించింది, మంచినీళ్ళిచ్చింది, తల్లులు వచ్చేదాకా నోరెత్తకుండా కూర్చోమంది. వాళ్ళు నోరెత్తకుండా కూర్చోలేదని వేరే చెప్పక్కర్లేదు. మర్నాడు చెవులు పట్టుకోకుండానే వచ్చారు. వస్తూ వస్తూ పక్కవాళ్ళనీ వెంటబెట్టుకొచ్చారు.

రెండు గదుల ఇల్లు చాలలేదు. మంచం మీద, మంచం కింద, వంటింటి గడప మీద అంతా పిల్లలే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కూతురు లోపలికి అడుగుపెట్టే చోటు లేక గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, నాకూ ఒక మూల చూపిస్తావా?" అని నవ్వింది. ఆ రోజుల్లో వాళ్ళింట్లో నవ్వులకు కొదవ లేదు.

వీధి మలుపులో ఒక మూతబడ్డ ఫొటో స్టూడియో ఉంది. దాని యజమానిని ఫొటోల మాస్టారు అంటారు. నోట్లో నాలుక లేని మనిషి. ఫొటోలు దిగేవాళ్ళు కరువయ్యాక కూడా రోజూ తలుపు తీసి, దుమ్ము దులిపి, సాయంత్రం తలుపు వేసుకునేవాడు. ఆయమ్మ వెళ్ళి గది అడిగితే సరేనన్నాడు. వెనక గోడకు వేలాడుతున్న తెర మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యకూడదని షరతు పెట్టాడు. ఆ తెర మీద పూలతోట, ఫౌంటెన్, పైకి వెళ్ళే పాలరాతి మెట్లు వేసి ఉన్నాయి. మొదటి సాయంత్రమే మిడత ఆ మెట్లు ఎక్కబోయి గోడకు ముక్కు గుద్దుకుంది. షరతు అక్కడితో సరి. వారం తిరిగేసరికి మాస్టారే పిల్లల్ని తోటముందు నిలబెట్టి గడ్డం పైకెత్తు, భుజం దించు అని నేర్పడం మొదలుపెట్టాడు. లెక్కలు కూడా ఆయనే చెప్పేవాడు. అప్పుడప్పుడు తప్పు చెప్పేవాడు, మర్నాడు బడిలో పంతులమ్మ సరిదిద్దేది.

అలా మొదలైంది. పెద్ద ఆలోచన చేసి మొదలుపెట్టింది కాదు. బడి వదలగానే పిల్లలు వరసగా స్టూడియోకి వస్తారు, చెప్పులు గోడవారన విప్పుతారు, కాళ్ళు కడుక్కుంటారు, ఇంటిపని రాసుకుంటారు, తర్వాత ఆడుకుంటారు, ఐదూ పావుకల్లా తల్లులు వచ్చి ఎవరి పిల్లల్ని వాళ్ళు తీసుకుపోతారు. ఆ కాసేపటి కోసం తల్లులు ఆయమ్మను ఆకాశానికెత్తేశారు. గుండీలావిడ అయితే మా అమ్మ కూడా నాకింత చేయలేదని అందరిముందూ అంది. ఆయమ్మ అలాంటిదేం లేదులే అంటూనే ఉప్పొంగిపోయింది. పొగడ్తకు పడిపోని మనిషి ఉంటే చూపించండి.

తర్వాత జరిగినదంతా చాపల కోసం జరిగింది.

స్టూడియోలో నేల చల్లగా ఉండేది. పిల్లలు పాత పేపర్లు పరచుకుని కూర్చునేవారు, అవి లేచేటప్పుడు లాగులకు అంటుకుపోయేవి. ఫ్యాక్టరీలో కత్తిరింపు ముక్కలు బస్తాలకొద్దీ పారేస్తారని, అడిగితే ఇస్తారని, వాటిని కుట్టి చాపల్లా పరచుకోవచ్చని ఎవరో అన్నారు. వీలు చూసి నేనడుగుతాను, నువ్వు వెళ్ళకని కూతురు చెప్పింది. ఆయమ్మ విన్నట్టే తలూపి, మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఏకంగా మేనేజరు గదికే వెళ్ళింది.

మేనేజరు కుర్రవాడే. మెత్తగా మాట్లాడతాడు. ఆవిణ్ణి చూసి లేచి, కుర్చీ జరిపి, కూర్చోండమ్మా అన్నాడు. బడిలో ఉన్నంతకాలం పెద్దవాళ్ళ గదుల్లోకి కుర్చీలు మోసుకెళ్ళడమే తప్ప, ఏ గదిలోనూ ఎవరూ ఆవిడకు కుర్చీ వేసింది లేదు. ఆ ఒక్క కుర్చీకే సగం మెత్తబడిపోయింది. టీ తెప్పించాడు. పిల్లలెంతమంది, ఏం చేస్తారు, గది ఎవరిది అని ఓపిగ్గా అడిగాడు. ఆవిడ అన్నీ చెప్పింది, అడగనివి కూడా చెప్పింది. ఆఖర్న అతను కప్పు పక్కన పెడుతూ, మాటవరసకన్నట్టు అడిగాడు.

"మరి వాళ్ళమ్మలు రావడం ఆలస్యమైతే ఎలాగమ్మా?"

"అయితే ఏమండీ? అమ్మలు వచ్చేదాకా నా దగ్గరే ఉంటారు. ఏ వేళకొచ్చినా సరే. నేనుండగా పిల్లల గురించి మీరు బెంగపెట్టుకోకండి."

అతను చాలా సంతోషమన్నాడు. నిజంగానే సంతోషించాడు.

కత్తిరింపు ముక్కలు అడిగితే కొత్త చాపలు వచ్చాయి. వాటితోపాటు ఫ్యాను, నీళ్ళ డ్రమ్ము, ఒక ట్యూబులైటు. ఫ్యాక్టరీ కరెంటు మనిషి వచ్చి లైటు బిగించి వెలిగించి చూపించి మరీ వెళ్ళాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఐదున్నరకల్లా ఖాళీ అయిపోయే గదికి లైటెందుకని ఆయమ్మకు తట్టలేదు. ఫొటోల మాస్టారికి తట్టిందో లేదో, ఆయన పైకి చెప్పే రకం కాదు.

నెల తిరిగిందో లేదో ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు వచ్చింది. ఆ సాయంత్రం సైరన్ మోగింది. తల్లులు అలవాటుగా లేచి, ఒళ్ళోని దారప్పోగులు దులుపుకుని, అలవాటుగా ఆ మాటే అన్నారు. సూపర్వైజరు పక్కకు జరగలేదు. గొంతు కూడా పెంచలేదు. పిల్లలు వీధిలో ఎక్కడున్నారు, ఆయమ్మ దగ్గర చాపల మీద ఉన్నారు కదా, ఏ వేళకొచ్చినా సరేనని ఆవిడే మేనేజరుగారితో చెప్పింది, కూర్చోండి అన్నాడు. కాలరు మిషను దగ్గర నిలబడి ఉన్న ఆయమ్మ కూతురు వైపు అందరూ ఒకేసారి తిరిగారు. కూతురికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందరికంటే ముందు తనే కూర్చుంది.

ఇక్కడ స్టూడియోలో ఐదూ పావయింది, ఐదున్నరయింది. పిల్లలు చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. కాసేపటికి చెప్పులు విప్పి మళ్ళీ చాపల మీదికి వచ్చారు. అమ్మ ఏదని ఒకడు మొదలుపెట్టాడు, వాణ్ణి చూసి ఇంకొకడు. మీ అమ్మ వచ్చేస్తుంది, వచ్చేస్తుంది అంటూ ఆయమ్మ వీధిలోకి, లోపలికి తిరిగింది. చీకటి పడింది. మాస్టారు లేచి ట్యూబులైటు వేశాడు. ఆ వెలుతురు గదంతా పరుచుకోగానే, ఆయమ్మ తలెత్తి ఆ లైటుకేసి చూసింది.

ఏడున్నర దాటాక తల్లులు గుంపుగా వచ్చారు. కొందరు పిల్లల్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నారు, కొందరు ఉత్తపుణ్యానికి ఒక దెబ్బ వేశారు. గుండీలావిడ ఆయమ్మ ముందు ఆగి, థాంక్స్ చెప్పాలో తిట్టాలో తేల్చుకోలేక, చిన్నకొడుకు సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆఖర్న కూతురు వచ్చింది.

"ఆయమ్మా, మేనేజరుతో నువ్వేమన్నావు?"

ఆయమ్మ చెప్పింది. ఒక్క ముక్క దాచకుండా, టీ ఇచ్చిన సంగతితో సహా చెప్పింది. చెబుతూ ఉండగానే తను అన్నదేమిటో ఆవిడకు అర్థమైంది. నాలుక కరుచుకుంది గాని, జారిన మాట ఎక్కడికో వెళ్ళి కూర్చుంది.

కూతురు మిడత బడిసంచీ అందుకుంది. "మా దగ్గరున్నది ఆ ఒక్క మాటేనమ్మా. పిల్లలు వీధిలో ఉంటారన్న మాట. ఆ మాట అంటే సూపర్వైజరు దగ్గర జవాబుండేది కాదు. ఇప్పుడు వాడి జవాబు నువ్వే."

ఆర్డరు అయిపోతే అంతా మామూలైపోతుందని ఆయమ్మ తనకు తను సర్దిచెప్పుకుంది. ఆ ఆర్డరు అయిపోయింది. ఇంకొకటి వచ్చింది. తల్లులు ఏడున్నరకు రావడమే మామూలైపోయింది. ఎక్కువసేపు పనికి ఎక్కువ జీతం ఇస్తున్నారు, ఆ మాట నిజమే. ఒకరిద్దరు చిన్నవయసు తల్లులు మీ దయవల్ల నాలుగు రాళ్ళు వెనకేస్తున్నామని ఆయమ్మకు దండం కూడా పెట్టారు. ఆవిడకు ఆ దండం తిట్టుకన్నా బరువుగా అనిపించింది. తిడితే కనీసం పడి ఊరుకోవచ్చు.

మిడతకు తల్లి ఇక ఆదివారాల మనిషి అయిపోయింది. పొద్దున పిల్ల లేచేసరికి తల్లి హడావిడిలో ఉంటుంది, సాయంత్రం తల్లి వచ్చేసరికి పిల్ల నిద్రమత్తులో ఉంటుంది. ఇదివరకు ఐదున్నర నుంచి పడుకునేదాకా ఇద్దరూ ఒకటే కబుర్లు. వంట చేస్తున్నంతసేపూ పిల్ల తల్లి వెనకే గెంతేది, కాళ్ళకడ్డం పడుతున్నావని తల్లి విసుక్కునేది. ఇప్పుడు తల్లి ఒంటరిగా వంట చేసుకుంటోంది, కాళ్ళకెవరూ అడ్డం పడడం లేదు. ఆయమ్మ మంచం మీద కూర్చుని అది చూసేది. తన కడుపున పుట్టిన పిల్ల చేతిలోంచి దాని పిల్ల సాయంత్రాలు తనే లాక్కున్నట్టు ఆవిడకు అనిపించేది.

ఒక ఉపాయం గుండీలావిడే చెప్పింది. ఒక్కరోజు స్టూడియో తియ్యకు, పిల్లలు ఇదివరకటిలా వీధిలో ఉండనీ. ఐదింటికి మేమందరం లేచి ఆ మాటే అంటాం. ఎవరినైనా పంపి చూసుకుంటే నిజమేనని తేలుతుంది. ఒక్కసారి ఆ సూపర్వైజరు పక్కకు జరిగితే చాలు, మళ్ళీ పాత ఆనవాయితీ నిలబడుతుంది. తల్లులందరూ ఒప్పుకున్నారు. కూతురు ఒప్పుకుంది. ఆయమ్మ కూడా ఒప్పుకుంది. మాస్టారు తలుపు వేసి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు.

మూడున్నరకు పిల్లలు వచ్చారు. తలుపు లాగి చూశారు, తట్టారు, ఆయమ్మా అని కేకలేశారు. ఆవిడ తన ఇంటి కిటికీ వెనక గుడ్డ చాటున నిలబడింది. ఇవాళ లేదని వాళ్ళకు అర్థమయ్యాక సంచులు మెట్ల మీద పడేసి వీధిలోకి ఉరికారు. చాలా రోజుల తర్వాత దొరికిన వీధి, వాళ్ళకు పండగలా ఉంది. మిడత అందరికంటే ముందుంది. ఎక్కడో సుద్దముక్క సంపాదించి నేలమీద గళ్ళు గీసింది. ఆయమ్మ తాళంచెవిని పిడికిట్లో బిగించి నిలబడింది. ఒక లారీ వచ్చి ఆగింది. అది వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చింది. నాలుగయింది. ఇంకో గంట ఓర్చుకుంటే చాలు. ఊరికే చూస్తూ నిలబడడమే ఆవిడ చేయాల్సిన పని. జీవితంలో ఆవిడ ఎన్నడూ చేయని పని అదొక్కటే.

నాలుగున్నర దాటాక బేళ్ళ లారీ ఒకటి హారన్ మోగిస్తూ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. పిల్లలు పక్కకు తప్పుకున్నారు. ఒకడు మాత్రం బంతి కోసం మళ్ళీ వెనక్కి వంగాడు. వాడికేం కాలేదు. బంతి తీసుకుని హాయిగా ఇవతలికి వచ్చేశాడు. కాని ఆయమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది. వీధిలో పడి దొరికిన వాళ్ళను దొరికినట్టు తోలుకుంటూ, తాళం తీసి, అందరినీ లోపలికి నెట్టి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. పిల్లలు చాపలు పరచుకున్నారు.

ఐదింటికి సైరన్ మోగింది. తల్లులు లేచారు, ఆ మాట అన్నారు. సూపర్వైజరు గేటు మనిషిని పంపించాడు. వాడు వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. ఫ్యాను తిరుగుతోంది, పిల్లలు పాలరాతి మెట్ల తెర ముందు కూర్చుని ఇంటిపని రాసుకుంటున్నారు. వాడు వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పాడు.

ఆ సాయంత్రం ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ఏమని అంటారు? నా కొడుకు లారీ కింద పడేదాకా ఎందుకు ఆగలేదని ఏ తల్లి అడుగుతుంది? గుండీలావిడ దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని, నీ చోట నేనున్నా అదే చేసేదాన్ని అంది. ఆ మంచిమాటకే ఆయమ్మ బావురుమంది.

ఇంకా పట్టు వదలక ఒకసారి మేనేజరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చింది. ఈసారీ కుర్చీ వేశాడు. తన వల్ల కావడం లేదని, సాయంత్రం ఐదున్నర తర్వాత పిల్లల్ని ఉంచుకోలేనని చెప్పింది. అతను చాలా నొచ్చుకున్నాడు. మీ వయసులో ఇంత శ్రమ పెట్టడం మాదే తప్పమ్మా, అసలు ఫ్యాక్టరీ ఆవరణలోనే ఒక గది చూశాం, ఒకమ్మాయిని పెట్టి మేమే నడుపుతాం, మీరు హాయిగా ఇంట్లో ఉండండి అన్నాడు. ఆ మాటలో ఎక్కడా వెటకారం లేదు. ఆయమ్మ ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి చేతిలో మిడతను ఊహించుకుంది. వద్దులెండి, నేనే చూసుకుంటానని లేచి వచ్చేసింది. మూసినా నడుస్తుంది, తెరిచినా నడుస్తుంది. ఆవిడ మొదలుపెట్టిందే, ఇప్పుడు ఆవిడ చేతిలో లేదు.

ఆ తర్వాత ఒక సంగతి ఆవిడ గమనించింది. పిల్లలు బడినుంచి కబుర్లతో పగిలిపోయేలా వస్తారు. చెప్పులు విప్పకముందే మొదలవుతుంది. పంతులమ్మ నన్ను మెచ్చుకుంది, వాడు నన్ను గిల్లాడు, నాకు పాట వచ్చేసింది. మొదట్నుంచీ అవన్నీ ఆవిడ చెవిలోనే పడుతున్నాయి. ఆలకించి, ముక్కున వేలేసుకుని, అవునా అని మెచ్చుకుని పంపుతోంది. ఏడున్నరకు తల్లి వచ్చి ఇవాళ బడిలో ఏం జరిగిందిరా అంటే ఏం లేదంటున్నారు. ఒకసారి చెప్పేసిన కబురు పిల్లలకు రెండోసారి రుచించదు. సాయంత్రాలతోపాటు కబుర్లు కూడా తనే మింగేస్తోందని తెలిసి ఆవిడకు భయం పట్టుకుంది.

అప్పటినుంచి కొత్త కట్టుబాటు పెట్టింది. ఎవరైనా నోరు తెరవబోతే చెవులు మూసుకుని, నాకొద్దు, మీ అమ్మకు చెప్పు, దాచిపెట్టుకో అనేది. పిల్లలు ముందు ఆటనుకున్నారు. తర్వాత చిన్నబుచ్చుకున్నారు. తర్వాత ఆవిడకు చెప్పడం మానుకున్నారు. వాళ్ళలో వాళ్ళు చెప్పుకునేవారు, మాస్టారితో చెప్పేవారు. చెవిలో జోరీగల్లా ముసిరే పిల్లలు దూరంగా కూర్చుంటే ఆ గది ఆవిడకు మరీ పెద్దదిగా కనిపించేది. ఐనా పట్టుబట్టింది. ఇది ఒక్కటైనా తల్లులకు మిగలాలి.

ఒకరోజు మిడత బడినుంచి గుమ్మంలోకి ఒక్క గెంతు గెంతింది. మొహం వెలిగిపోతోంది. చెప్పులు ఒకటి లోపల, ఒకటి బయట. "అమ్మమ్మా, ఇవాళ ఏమైందో తెలుసా" అని మొదలుపెట్టింది. ఆయమ్మ చెవులు మూసుకుంది. పిల్ల ఆవిడ చేతులు లాగింది, ఒళ్ళోకి ఎక్కింది, ఒక్కటే, చిన్నదే అని బతిమాలింది. ఆవిడకు వినాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఐనా అమ్మకు చెప్పమంది. అమ్మకు చెప్తే అమ్మ ఎంత సంతోషపడుతుందో చూడు అని ఊరించింది. సరేనని పిల్ల చాప మీద కూర్చుంది. ఆడుకోవడానికి కూడా లేవలేదు. కదిలితే కబురు ఎక్కడ ఒలికిపోతుందోనన్నట్టు పెదాలు బిగించుకుని, కళ్ళలో వత్తులు వేసుకుని గుమ్మంకేసి చూస్తూ కూర్చుంది. ఆరయింది. ఆరున్నరయింది. ఇంకెంతసేపని అడిగింది. కాసేపే అంది ఆయమ్మ. ఏడు దాటాక కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది.

ఆ రోజు ఫ్యాక్టరీలో ఏదో మిషను ఆగిందట, కూతురు ఇంకా ఆలస్యంగా వచ్చింది. అప్పటికి అందరూ వెళ్ళిపోయారు. ఆయమ్మ ఎదురెళ్ళి, మిడత నీకోసం ఏదో కబురు దాచిందే, నాకు కూడా చెప్పలేదు, లేపి అడుగు అని సంబరంగా చెప్పింది. కూతురు అలసట మరిచిపోయి చాప మీద కూలబడింది. పిల్ల నుదుటి మీది జుట్టు వెనక్కి తోసింది.

"మిడతా, నాకేదో చెప్పాలన్నావంట. వచ్చానమ్మా, చెప్పు."

పిల్ల కళ్ళు సగం తెరిచింది. తల్లి మొహంకేసి చూసింది. ఎవరో గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది.

"మర్చిపోయా" అంది.

"గుర్తు తెచ్చుకోవే, నీకోసమే పరిగెత్తుకొచ్చా."

"రేపు చెప్తాలే. అమ్మమ్మకి చెప్తా" అని పిల్ల అటు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంది.

ఆయమ్మ నిలబడ్డ చోటే ఉండిపోయింది. నేను వినలేదే, ఒట్టు, నీకే చెప్పమన్నాను అని గొణిగింది. తెలుసని కూతురు తలూపింది. కూతురి కళ్ళలో నీళ్ళు కూడా లేవు, అంతగా అలిసిపోయింది. లేచి, నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని, ఒక చేత్తో బడిసంచీ అందుకుని గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగింది.

"రేపట్నుంచి అది చెప్పబోతే ఆపకమ్మా. నువ్వే విను" అంది. "ఎవరో ఒకరు వినాలిగా."